ఇంటి కంప్యూటరు మీద పెత్తనం ఎవరిది?

పిల్లలూ! మన పెన్నానది నీళ్లు సంగం దగ్గరా, నెల్లూరు దగ్గరా కాలవల్లోకి మళ్లుతాయి. ఆ కాలవలు పొలాలను తడుపుతూ సముద్రం వైపు సాగిపోతాయి. కాలవల మీద అక్కడక్కడ తూములున్నాయి. తూముకు ఇనప తలుపు ఉంటుంది. ఆ తలుపును ఎత్తి దించే మనిషిని లస్కరు అంటారు.

లస్కరు కాలవకు యజమాని కాడు. ఇంజనీరూ కాడు. అయినా తూము తలుపు ఎత్తే పని ఆయనదే. పైవాళ్లు ఎంత ఎత్తమంటే అంత ఎత్తుతాడు, ఎప్పుడు దించమంటే అప్పుడు దించుతాడు. కాలవను వేరే దారికి తిప్పటానికి గాని, ఆనకట్టను ముట్టుకోవటానికి గాని ఆయనకు అధికారం లేదు.

తూము తాళంచెవి ఊళ్లో ప్రతివాడి చేతిలోనూ ఉందనుకోండి. పై పొలంవాడు తనకు కావలసినంత నీరు మళ్లించుకుంటాడు. కాలవ చివర, సముద్రం ఒడ్డున ఉన్న రైతుకు చుక్క మిగలదు. పోనీ, తాళంచెవి ఒక్క ఇంజనీరు దగ్గరే ఉండి, ఆయన పొరుగూరు వెళ్లాడనుకోండి. అప్పుడు అందరి పైరూ ఎండుతుంది. అందుకే లస్కరు అనే ఏర్పాటు పుట్టింది.

ఇంట్లో లినక్సు కంప్యూటరు ఉన్నవాళ్లకు కూడా సరిగ్గా ఇటువంటి చిక్కే వస్తుంది. దాన్ని ఎట్లా విడదీశారో చూద్దాం.

సున్నాకు సర్వాధికారం

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనేవాళ్లు యూనిక్సు అనే వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. ఆ రోజుల్లో కంప్యూటరంటే బీరువాలంత యంత్రం. ఒక్క యంత్రాన్ని పదిమంది పంచుకొని వాడేవాళ్లు. కనక ఒకరి కాగితాలు ఇంకొకరు చెరపకుండా కట్టుదిట్టం చెయ్యవలసి వచ్చింది. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఆ పద్ధతులనే అనుసరించి లినక్సును మొదలుపెట్టాడు. చెన్నైలోని సి-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన ‘బాస్’ అనేది కూడా లినక్సులో ఒక రకమే. అది తెలుగులో కూడా పనిచేస్తుంది.

లినక్సు కంప్యూటరులో మనిషికొక ఖాతా ఉంటుంది. ఆ ఖాతాకు ఒక పేరూ, ఒక అంకే ఉంటాయి. పేరు మనకోసం; యంత్రం చూసేది అంకెనే. ఉబుంటు, డెబియన్ వంటి రకాల్లో ఇంట్లో మొదట చేరినవారి అంకె 1000, తరువాతివారిది 1001, అట్లా పోతుంది. ఇవన్నీ మామూలు ఖాతాలు.

వీటికి పైన ‘రూటు’ అనే ఖాతా ఒకటుంది. దాని అంకె సున్నా. మన పరీక్ష కాగితం మీద సున్నా కనబడితే గుండె జారిపోతుంది. లినక్సులో మాత్రం సున్నాకే సర్వాధికారం! రూటు ఏ ఫైలునైనా చదవవచ్చు, మార్చవచ్చు, చెరపవచ్చు. ఎవరి ఖాతానైనా తియ్యవచ్చు. రూటును కాదనేవాడు ఆ యంత్రంలో లేడు.

మామూలు ఖాతా అంటే ఇంట్లో ఎవరి గది వారికున్నట్టు. మీ గదిలో మీరు బొమ్మలు వేసుకోవచ్చు, పాఠాలు రాసుకోవచ్చు, పాతవి పారేసుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని ఇంటి పునాది తవ్వాలన్నా, అందరికీ కావలసిన కరెంటు తీగ మార్చాలన్నా పెద్దల అనుమతి కావాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటారా? ఒక నిజమైన సంగతి చెబుతాను. 2011లో ‘బంబుల్‌బీ’ అనే సాఫ్ట్‌వేరును కంప్యూటరులో ఎక్కించే ఆజ్ఞల పట్టీలో ఒక పొరపాటు దొర్లింది. పాత ఫైళ్లు కొన్నిటిని చెరపమని రాయబోయి, మధ్యలో ఒక్క ఖాళీ ఎక్కువగా వదిలారు. ఆ ఖాళీ వల్ల మాట రెండుగా విడిపోయి, “ఫలానా చిన్న అరలో ఉన్నది చెరుపు” అనవలసింది “బీరువా అంతా చెరుపు” అన్నట్టయింది. ఆ పట్టీ రూటు అధికారంతో నడుస్తుంది గనక యంత్రం ఎదురు చెప్పలేదు. దాన్ని ఎక్కించుకున్నవాళ్ల కంప్యూటర్లలో ప్రధానమైన ఫైళ్లు చెరిగిపోయాయి. అదే పొరపాటు మామూలు ఖాతాలో జరిగితే యంత్రం “నీకు అధికారం లేదు” అని ఆపి ఉండేది.

పరీక్ష ముందు రాత్రి

మన తీరంలో ఒక ఇల్లు ఉందనుకుందాం. నాయనకు రొయ్యల గుంటలున్నాయి. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గకుండా ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి గనక ఆయన గుంట గట్టు మీదే పడుకుంటాడు. ఇంట్లో అమ్మా, అవ్వా, ఇంటరు చదివే అక్కా, ఆరో తరగతి తమ్ముడూ ఉంటారు. అందరికీ కలిపి కంప్యూటరు ఒకటే. దానిలో లినక్సు ఎక్కించింది నాయన, పెత్తనమూ ఆయనదే.

తెల్లవారితే పరీక్ష. అక్క హాల్‌టికెట్టు తీసుకుందామని కూర్చుంది. ప్రింటరు దీపం వెలుగుతోంది గాని కాగితం కదలటం లేదు. ఊళ్లో నెట్ సెంటరు మూసేశారు. అక్క నాయనకు ఫోను చేసింది.

“నాయనా! ప్రింటరు పని చూసే సేవను ఆపి మళ్లీ మొదలుపెడితే సరిపోతుందంట. మొదలుపెట్టబోతే పెత్తందారు పాస్‌వర్డు అడుగుతోంది!”

ఇప్పుడు నాయన ఏం చెయ్యాలి? గుంటలు వదిలి రాలేడు. ఏరియేటరు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు పోతాయి. పోనీ పాస్‌వర్డు చెప్పేస్తే? ఆ పూటకు గండం గడుస్తుంది. కాని ఆ మాట అక్కతో ఆగదు. పక్కనున్న తమ్ముడి చెవిన పడుతుంది. వాడు ఎల్లుండి ఆటల సాఫ్ట్‌వేరు ఏదో తెచ్చి, అదే పాస్‌వర్డుతో ఎక్కిస్తాడు. తరువాత యంత్రం మొరాయిస్తే ఎవరు చేశారో చెప్పటానికి సాక్ష్యం ఉండదు. అందరూ రూటు పేరుతోనే పనిచేశారాయె!

అక్కకు కావలసింది పెత్తనం కాదు. ప్రింటరు సేవను మళ్లీ మొదలుపెట్టటం అనే ఒక్క పని. ఆ ఒక్క పనిని ఆమెకు ముందుగానే అప్పగించి ఉంచే మార్గముంది.

నాలుగక్షరాల సాధనం

ఆ సాధనం పేరు సుడో. మీటల మీద ఎస్, యు, డి, ఓ అనే నాలుగు చిన్న ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలి. యూనిక్సులో ‘ఎస్ యు’ అనే ఆజ్ఞ మొదటినుంచీ ఉంది. ఒక ఖాతాలో ఉన్నవారు మరొక ఖాతాలోకి మారటానికి అది పనికొస్తుంది. దానికి ‘చెయ్యి’ అనే అర్థంగల ఇంగ్లీషు మాట ‘డి ఓ’ను తగిలించారు. “అతని అధికారంతో ఈ పని చెయ్యి” అని భావం.

దీన్ని 1980 ప్రాంతంలో న్యూయార్కు రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు తయారుచేశారు. ఆ తరువాత ఎందరో దాన్ని మెరుగుపరిచారు. టాడ్ మిల్లర్ అనే ఆయన ముప్ఫై ఏళ్లుగా దాని బాగోగులు చూస్తున్నాడు.

ఇది పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. సుడో అనే ఫైలు రూటుకు చెందినది. దానిమీద ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న ఫైలును ఎవరు నడిపినా అది నడిపినవారి అధికారంతో కాక, తన యజమాని అధికారంతో నడుస్తుంది. ఈ గుర్తును కనిపెట్టినవాడు పైన చెప్పిన డెన్నిస్ రిచీయే. దానికి 1979లో పేటెంటు కూడా వచ్చింది.

అయితే సుడో తన అధికారాన్ని వెంటనే మీ చేతిలో పెట్టదు. అది ద్వారం దగ్గర కూర్చున్న గుమాస్తావంటిది. ముందుగా “నువ్వెవరు?” అని మీ పాస్‌వర్డు అడుగుతుంది. రూటుది కాదు, మీది! మీరు కొట్టే అక్షరాలు తెర మీద కనబడకపోవచ్చు. మీట పనిచెయ్యటం లేదని కంగారుపడవద్దు. తరువాత “ఈ పని చెయ్యటానికి నీకు అనుమతి ఉందా?” అని ఒక పట్టీ తీసి చూస్తుంది. అనుమతి ఉంటే పని చేయిస్తుంది, లేకపోతే పొమ్మంటుంది. ఎవరు వచ్చారో, ఏం అడిగారో, ఏ వేళకు అడిగారో చిట్టాలో రాసిపెడుతుంది. పొమ్మన్నవాళ్ల పేరు కూడా రాస్తుంది!

ఒకసారి పాస్‌వర్డు చెప్పాక కొద్ది నిమిషాలపాటు సుడో మళ్లీ అడగదు. ఉబుంటులో ఈ గడువు 15 నిమిషాలు. కనక ఆ తెరను అట్లాగే వదిలి అన్నానికి లేచిపోకూడదు.

ఒక్క వరసలో నాలుగు ప్రశ్నలు

సుడో చూసే పట్టీలో ప్రతి అనుమతీ ఒక వరస. అందులో నాలుగు ప్రశ్నలకు జవాబులుంటాయి. ఎవరు? ఏ యంత్రం మీద? ఎవరి అధికారంతో? ఏ పని?

మన కథలో నాయన రాయవలసిన వరస ఇది: “అక్క, ఈ యంత్రం మీద, రూటు అధికారంతో, ప్రింటరు సేవను మళ్లీ మొదలుపెట్టే ఆజ్ఞ.” లినక్సులో ముద్రణ పని చూసే ఆ సేవ పేరు ‘కప్స్’. ఆజ్ఞ ఏ అరలో ఉందో ఆ చిరునామాతో సహా, చివరి మాట దాకా పూర్తిగా రాయాలి. అట్లా రాస్తే అక్క సరిగ్గా ఆ ఆజ్ఞనే నడపగలదు. ఒక్క మాట మార్చినా సుడో ఒప్పుకోదు. కప్స్‌ను మళ్లీ మొదలుపెట్టగలదు గాని, తమ్ముడి ఖాతా తియ్యలేదు.

ఒక పనికి ఒక మనిషి అనే ఈ ఏర్పాటు పెద్ద పెద్దచోట్ల కూడా ఉంది. 2010 డిసెంబరు 25న శ్రీహరికోట నుంచి ఎగిరిన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు దారి తప్పింది. అప్పుడు భద్రతాధికారి దాన్ని ఆకాశంలోనే ముక్కలు చేసే ఆజ్ఞ పంపాడు. రాకెట్టును తయారుచెయ్యటం, నడపటం ఆయన పని కాదు. అది జనం మీద పడే ప్రమాదం వస్తే నాశనం చెయ్యటమే ఆయనకు అప్పగించిన పని.

ఇంతకన్నా సులభమైన పద్ధతి మరొకటుంది. డెబియన్, ఉబుంటులలో ‘సుడో’ అనీ, ఫెడోరాలో ‘వీల్’ అనీ ఒక జట్టు ఉంటుంది. ఆ జట్టులో పేరు చేర్చితే చాలు, ఆ మనిషి సుడో ద్వారా అన్ని పనులూ చెయ్యవచ్చు. ఇది లస్కరును తీసుకుపోయి ఇంజనీరు కుర్చీలో కూర్చోబెట్టటం. ఇంట్లో ఇంకొక పెద్దకు, అంటే అమ్మకు, ఈ అధికారం ఇచ్చి ఉంచటం మంచిదే. నాయన దూరాన ఉన్నప్పుడు ఇల్లు ఆగిపోదు. పిల్లలకు మాత్రం మామూలు ఖాతాలూ, ఒక్కొక్క పనికి ఒక్కొక్క వరసా చాలు.

చిన్న చెవితో పెద్ద తాళం

ఇక్కడ జాగ్రత్తగా వినండి. కొన్ని అనుమతులు చూడటానికి చిన్నవి. లోపల మాత్రం కొండంత ఉంటాయి.

ఫైళ్లలో రాతలు దిద్దే సాఫ్ట్‌వేరును రూటు అధికారంతో నడపనిచ్చామనుకోండి. “ఒక్క ఫైలేగా, దిద్దుకోనీ” అనిపిస్తుంది. కాని అటువంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటి లోపలినుంచే వేరే ఆజ్ఞలు నడపవచ్చు. ఆ ఆజ్ఞలూ రూటు అధికారంతోనే నడుస్తాయి. దిద్దుకోవటానికి కలమిస్తే బీరువా తెరిచినట్టు! ఫైలు దిద్దవలసిన పని నిజంగా ఉంటే దానికోసమే ‘సుడో-ఎడిట్’ అనే పద్ధతి ఉంది. అది ఫైలుకు నకలు తీసి ఇస్తుంది. మీరు నకలును మీ మామూలు అధికారంతో దిద్దితే, తరువాత దాన్ని అసలు చోట పెడుతుంది.

రెండో మోసం: తమ్ముడి గదిలో ఉన్న ఆజ్ఞల పట్టీని రూటుగా నడపటానికి అనుమతి ఇవ్వటం. పట్టీ వాడి గదిలోనే ఉంది గనక ఇవాళ ఒకటి రాసి చూపించి, రేపు దానిలో మరొకటి రాస్తాడు. సంతకం పెట్టిన ఖాళీ కాగితం చేతికిచ్చినట్టే. రూటు తప్ప ఇంకెవరూ దిద్దలేని చోట ఉన్న ఆజ్ఞకే అనుమతి ఇవ్వాలి.

మూడోది: “అన్నీ చెయ్యవచ్చు, ఇది ఒక్కటి తప్ప” అని రాయటం. వద్దన్నదానికి నకలు తీసి, వేరే పేరు పెట్టి నడిపితే సుడో పోల్చుకోలేదు. కనక వద్దన్నవి లెక్కపెట్టకండి, కావలసినవి లెక్కపెట్టండి.

పట్టీ దిద్దేటప్పుడు కూడా ఒక నియమముంది. దాన్ని ‘విసుడో’ అనే సాధనంతోనే తెరవాలి. పట్టీలో తప్పు రాత ఉంటే సుడో అందరికీ తలుపు మూసేయవచ్చు. అప్పుడు తప్పు దిద్దటానికి కూడా దారి దొరకదు. విసుడో భద్రపరిచే ముందే రాతను పరీక్షించి, ఫలానా వరసలో తప్పుందని చెబుతుంది. బడిలో కాగితం ఇచ్చే ముందు ఒకసారి సరిచూసుకోమంటామే, అదే ఇది.

కావలివాడికీ కావలి

సుడో కూడా మనుషులు రాసినదే. 2021 జనవరిలో క్వాలిస్ అనే సంస్థలోని పరిశోధకులు దానిలో ఒక పెద్ద లోపం పట్టుకున్నారు. పట్టీలో పేరు లేనివాడు కూడా ఆ లోపం ద్వారా రూటు అయిపోవచ్చు! అది 2011 నుంచీ, అంటే దాదాపు పదేళ్లుగా, ఎవరి కంటా పడకుండా ఉంది. బయటపెట్టిన రోజునే దానికి మరమ్మతు కూడా విడుదలైంది. మరమ్మతు వేసుకున్నవాళ్లు బాగుపడ్డారు. కనక “కొత్త మార్పులు వచ్చాయి” అని కంప్యూటరు చెప్పినప్పుడు, రేపు చూద్దామని నెలలు గడపకూడదు.

చిట్టా సంగతి కూడా ఒక మాట. ఒక్కొక్క పనికే అనుమతి ఉన్నవారు చిట్టాను చెరపలేరు. పూర్తి అధికారం ఉన్నవారు కావాలంటే చిట్టానూ చెరపగలరు. పెత్తనం పూర్తిగా ఇచ్చాక దాన్ని కాపాడేది ఆ మనిషి మంచితనమే. సుడో మొదటిసారి నడిపినవారికి తెర మీద మూడు హితవులు చెప్పటంలో అర్థం అదే: ఇతరుల గుట్టు గౌరవించాలి, మీట నొక్కే ముందు ఆలోచించాలి, అధికారంతోపాటు బాధ్యత వస్తుందని గుర్తుంచుకోవాలి.

పెద్దలకు ఒక మాట

నేను బళ్లో పనిచేసిన కాలంలో గంట కొట్టే పని ఒక పిల్లవాడికీ, పుస్తకాల బీరువా చెవి మరొకరికీ అప్పగించేవాళ్లం. ఆ పని వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్లలు వేళకు ముందే వచ్చేవాళ్లు. అనుమతి ఇవ్వటం అంటే నమ్మకం ఇవ్వటం. ఏమీ ఇవ్వకపోతే పిల్లలు దొంగదారి వెతుకుతారు. అంతా ఒక్కసారి ఇచ్చేస్తే చిన్న పొరపాటుకు ఇల్లంతా నష్టపోతుంది. మొదట ఒక వరస రాయండి. నెల తరువాత చిట్టా పిల్లలతో కలిసి చదవండి. పని సవ్యంగా జరిగితే రెండో వరస రాయండి. పాస్‌వర్డు మాత్రం ఎవరిది వారిదే.

మీరే చెప్పండి

1. తమ్ముడు తన తెర మీద బొమ్మ మార్చుకోవాలంటే సుడో కావాలా?

2. అమ్మకు సుడోలో పూర్తి అధికారం ఉంది. ఆమె పనిచేసేటప్పుడు సుడో ఎవరి పాస్‌వర్డు అడుగుతుంది?

3. “అక్క రూటు అధికారంతో ఏ సాఫ్ట్‌వేరునైనా ఎక్కించవచ్చు” అనే వరస చిన్న అనుమతా, పెద్ద అనుమతా?

జవాబులు: 1. అక్కర్లేదు. అది వాడి గదిలోని సంగతి. 2. అమ్మదే. 3. చాలా పెద్దది. సాఫ్ట్‌వేరు ఎక్కేటప్పుడు దానిలోని ఆజ్ఞలు రూటు అధికారంతో నడుస్తాయి. బంబుల్‌బీ కథ గుర్తుందిగా!